కొట్టు వెనక కాపురం



ముందుగా ఒక కర్ర గురించి చెబుతాను. చేతికర్రలాంటి మామూలు కర్ర. నూరేళ్ళ పైమాటే, అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని చిన్న చిన్న ఊళ్ళలో చైనా నుంచి వచ్చినవాళ్ళు చిల్లర కొట్లు నడిపేవారు. వాళ్ళ గల్లాబల్ల మీద ఆ కర్ర ఉండేదట. కొనడానికి వచ్చేది నల్లజాతి వ్యవసాయ కూలీ. అమ్మేది ఇంగ్లీషు సరిగ్గా రాని కాంటన్ ప్రాంతపు మనిషి. ఒకరి మాట ఒకరికి తెలియదు. వచ్చినవాడు ఆ కర్ర అందుకుని, అరలో తనకి కావలసిన డబ్బా వైపు చూపించేవాడు. కొట్టాయన తీసి ఇచ్చేవాడు. మరి సరుకు నిండుకుంటే ఆయన టోకు వర్తకుడికి ఎలా చెప్పాలి? దానికీ ఒక ఉపాయం ఉంది. ప్రతి సరుకులోనూ ఆఖరిది అమ్మకుండా దాచి ఉంచేవారు. టోకు కొట్టు మనిషి ఆర్డరు రాసుకోవడానికి వచ్చినప్పుడు దాన్ని చూపించి, ఇలాంటివే ఇంకా కావాలని సైగ చేసేవారు.

మాట రాని చోట మొదలైన ఆ బేరం మూడు నాలుగు తరాల పాటు సాగింది. ఆ కొట్లు ఆ ఊళ్ళకి రచ్చబండలయ్యాయి. ఒక వలస కుటుంబం నడిపే కొట్టు పదిమంది కూడే చోటు ఎలా అవుతుంది, ఎంతవరకు అవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఈ పూట చెప్పుకుందాం.

డెల్టా అనగానే మనకి గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు గుర్తొస్తుంది. మిసిసిపీ డెల్టా అని వాళ్ళు పిలిచేది సముద్రానికి చాలా ఎగువన ఉన్న నేల. మెంఫిస్ నగరం దిగువ నుంచి విక్స్‌బర్గ్ పట్నం దాకా సుమారు 200 మైళ్ళ పొడవున, మిసిసిపీ, యాజూ నదుల నడుమ పరుచుకున్న ఒండ్రుభూమి అది. అక్కడ పత్తి రాజ్యమేలింది. ఆ పత్తిని పండించింది బానిసలు. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక భూస్వాములకి బెంగ పట్టుకుంది. విడుదలైనవాళ్ళు మునుపటిలా లొంగి పనిచేస్తారా? 1869లో మెంఫిస్‌లో సభ పెట్టి, చైనా నుంచి కూలీలని రప్పిద్దామని చర్చించుకున్నారు. ఆ తరవాత కొద్దికాలానికే మొదటి చైనా కూలీలు డెల్టాలో అడుగుపెట్టారు.

పత్తి చేలో కూలి గిట్టుబాటు కాదని వాళ్ళకి తొందరలోనే తెలిసిపోయింది. చేలు వదిలి ఊళ్ళలో చిన్న చిన్న కొట్లు తెరిచారు. ఈ మలుపు వెనక ఇంకో సంగతి కూడా ఉంది. 1882లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం చైనా కూలీలు ఆ దేశంలోకి రాకూడదు. వ్యాపారులకి మాత్రం మినహాయింపు. కూలీ అయితే పెళ్ళాన్ని తెచ్చుకునే వీలు లేదు, వ్యాపారి అయితే ఉంది. అంటే ఆ కొట్టు తిండి పెట్టే దారి మాత్రమే కాదు, సంసారం చేసుకోవడానికి దొరికిన అనుమతి కూడా. ఆ చట్టం 1943 దాకా ఉంది. రద్దు చేశాక కూడా చైనీయులకి ఏడాదికి 105 మంది లెక్కన మాత్రమే తలుపు తెరిచారు.

ఇక కొనేవాళ్ళ సంగతి. బానిసత్వం పోయినా నల్లజాతి రైతుకి భూమి రాలేదు. భూస్వామి నేలని సంగోరుకి చేసుకోవాలి. పంట చేతికి వచ్చేదాకా పిండి, ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు అన్నీ ఆ కమతంలో దొర పెట్టిన కొట్లోనే అరువు తెచ్చుకోవాలి. పద్దు రాసేది దొర గుమాస్తా. లెక్క తేల్చేది పత్తి తీతలయ్యాక. చదువు రానివాడు ఆ లెక్కని ప్రశ్నించలేడు. చదువు వచ్చినవాడు ప్రశ్నిస్తే బతకనివ్వరు. ఏడాదంతా నడుం వంచినా, చివరికి ఇంకా నువ్వే బాకీ అని తేల్చేవారు. అరువు పద్దు మన పల్లెలకీ కొత్త కాదు. అందుకే ఆ మాట బరువు మనకి విడమరచి చెప్పక్కర్లేదు.

పోనీ పట్నంలో తెల్లవాళ్ళ కొట్టుకి వెళ్తే? ముందు నిలబడ్డది తానే అయినా తెల్లమనిషి వస్తే పక్కకి తప్పుకోవాలి. అయ్యా, దొరా అనాలి. ఎంత వయసు వచ్చినా తనని మాత్రం అబ్బాయీ అనే పిలుస్తారు.

చైనా మనిషి కొట్లో ఆ తంతు లేదు. ముందొచ్చినవాడికి ముందు సరుకు. అయిదు సెంట్ల కోసం వచ్చినా సరే. మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, ఉప్పులో ఊరవేసిన మాంసం, నల్లబెల్లం పాకం, సార్డీన్ చేపల డబ్బాలు, నశ్యం, దీపం నూనె, ఏది అడిగితే అది కొంచెం కొంచెంగా కూడా ఇచ్చేవారు. చీజు ముక్క కోసి బిస్కెట్లతో కలిపి ఇస్తే అదే ఆ పూట భోజనం. తెల్లవారకముందే తలుపు తీసేవారు, చేలో పనికి వెళ్ళేవాళ్ళ కోసం. రాత్రి పొద్దుపోయేదాకా మూసేవారు కాదు. పంట మీద అరువు వీళ్ళూ ఇచ్చేవారు. తేడా ఏమిటంటే, ఆ అరువు భూమికి ముడిపడినది కాదు. ఇక్కడ బాకీ పడ్డవాడి బతుకు కొట్టువాడి చేతిలో లేదు.

జేమ్స్ లోవెన్ అనే సామాజిక శాస్త్రవేత్త మిసిసిపీలోని టూగలూ కళాశాలలో పాఠాలు చెప్పేవారు. ఈ చైనీయుల మీద పరిశోధన చేసి 1971లో ఒక పుస్తకం వేశారు. ఆ వ్యాపారం వీళ్ళకే ఎందుకు దక్కిందన్నది ఆయన అడిగిన ప్రశ్న. తెల్లవాళ్ళలో చాలామందికి నల్లవాళ్ళ ముందు నిలబడి సరుకు తూచి ఇవ్వడం నామోషీ. నల్లవాళ్ళలో కొట్టు పెట్టాలనుకున్నవాళ్ళకి పెట్టుబడి లేదు, టోకు వర్తకులు అరువు ఇవ్వరు. ఎలాగో పెట్టినా చుట్టాలూ పక్కాలూ అప్పు అడిగితే కాదనలేరు. చైనా మనిషి ఈ రెండు వర్గాల్లోనూ చేరడు. ఇవ్వదలచుకుంటే ఇవ్వగలడు, కాదనవలసి వస్తే కాదనగలడు. పరాయివాడు కావడం వల్లే ఆయన అక్కడ నిలదొక్కుకున్నాడు. ఇదీ లోవెన్ చెప్పిన జవాబు సారం.

పెట్టుబడి ఎక్కడిదంటారా? వాళ్ళలో ఎక్కువమంది క్వాంగ్‌టుంగ్ రాష్ట్రంలో సీయప్ అనే ఒకే ప్రాంతపు వాళ్ళు. అన్న కొట్టు పెడితే తమ్ముణ్ణి పిలిపిస్తాడు, మేనల్లుణ్ణి పిలిపిస్తాడు. ఆ కుర్రవాడు కొన్నేళ్ళు ఆ కొట్లోనే పనిచేసి కిటుకులు నేర్చుకుంటాడు. తరవాత చుట్టాలు తలా కాస్త వేసి పక్క ఊళ్ళో అతనికి కొట్టు పెట్టిస్తారు. క్లార్క్స్‌డేల్, క్లీవ్‌లాండ్, గ్రీన్‌విల్, రోజ్‌డేల్, ఇలా ఊరి తరవాత ఊరు. మన దగ్గర వర్తక కుటుంబాలు అల్లుకుపోయిన తీరు ఎరిగినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

శనివారం ఆ ఊళ్ళకి సంత లాంటిది. వారమంతా చేలో ఉన్నవాళ్ళు బండ్లు కట్టుకుని పట్నం వచ్చేవారు. సరుకులు కొనేది అరగంట, కొట్టు ముందు కూర్చునేది పూటంతా. ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరు చికాగో రైలెక్కారు, ఎక్కడ పని దొరుకుతోంది, అన్నీ అక్కడే తెలిసేవి. బ్యాంకు గడప తొక్కలేనివాళ్ళకి చెక్కు మార్చి డబ్బిచ్చేది ఆ కొట్టే. ఇంట్లో ఫోను లేనివాళ్ళకి అందుబాటులో ఉండే ఫోను కూడా ఆ కొట్లోదే. చేతిలో డబ్బు లేని వారం పిల్లల పాలకి అరువు పుట్టేదీ అక్కడే. ఇవేవీ ధర్మకార్యాలని వాళ్ళు చెప్పుకోలేదు. వ్యాపారమే. కానీ మనిషికి మనిషి అవసరపడే ప్రతి పనీ ఆ బల్ల మీదుగానే జరిగింది.

ఇప్పుడు అరల వెనక్కి వెళ్దాం. కొట్టు వెనక ఒకటో రెండో గదులు. అక్కడే కాపురం. కొట్లో గంట మోగితే తింటున్న కంచం వదిలి లేవాలి. బడి నుంచి రాగానే పిల్లలు డబ్బాలు పేర్చాలి, బంగాళాదుంపలు తూచాలి, చిల్లర లెక్కపెట్టాలి. వాళ్ళకి ఎక్కాలు నేర్పింది గల్లాపెట్టే. ముందు గదిలో అమ్మేది మొక్కజొన్న పిండి, వెనక గదిలో ఉడికేది అన్నం. పెరట్లో తల్లులు తమ ఊరి కూరలు పండించుకునేవారు. ఏమిటో తెలుసా? చైనా ఆకుకూరలు, మూరెడు పొడవు బొబ్బర్లు, బూడిదగుమ్మడి. మన పెరటి పందిరి మీద పాకే బూడిదగుమ్మడే, మిసిసిపీ పత్తి ఊళ్ళో ఒక చైనా తల్లి పెరట్లోనూ పాకింది. వలస వెళ్ళినవాళ్ళు విత్తనాలు మూటకట్టుకుని వెళ్ళడం ఎక్కడైనా ఒకటే.

మరి ఇంత చేసిన కుటుంబాన్ని ఆ ఊరు తనలో కలుపుకుందా? దీనికి జవాబు రోజ్‌డేల్ అనే ఊళ్ళో ఉంది.

రోజ్‌డేల్‌లో జ్యూ గాంగ్ లమ్, కేథరీన్ దంపతులు కొట్టు నడిపేవారు. వాళ్ళకి బెర్డా, మార్తా అని ఇద్దరు ఆడపిల్లలు. 1924 సెప్టెంబరులో బడి తెరిచిన మొదటిరోజు. మార్తాకి తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం విరామవేళ ఆ పాపని పిలిచి, నువ్వు చైనా పిల్లవి, తెల్లపిల్లల బడిలో నీకు చోటు లేదని చెప్పారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. మిసిసిపీకి అంతకుముందు గవర్నరుగా చేసిన ఎర్ల్ బ్రూవర్‌ని వకీలుగా పెట్టుకుని దావా వేశారు. చిల్లర కొట్టు నడుపుకునేవాళ్ళు రాష్ట్ర ప్రభుత్వంతో తలపడ్డారు. కింది కోర్టులో గెలిచారు. రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడారు. వ్యాజ్యం వాషింగ్టన్ దాకా వెళ్ళింది.

1927 నవంబరు 21న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసినది ప్రధాన న్యాయమూర్తి విలియం హోవార్డ్ టాఫ్ట్, ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు. న్యాయమూర్తులంతా ఏకగ్రీవం. ఏ పిల్లని ఏ బడికి పంపాలో తేల్చుకునే అధికారం రాష్ట్రానిదే, తెల్లజాతికి చెందని ఈ పాపని నల్లజాతి పిల్లల బడికి పంపడం రాజ్యాంగానికి విరుద్ధం కాదు, అన్నారు. లమ్ కుటుంబం ఊరు విడిచిపెట్టింది. నది దాటి ఆర్కాన్సా రాష్ట్రంలో ఎలైన్ అనే ఊరు చేరింది. పిల్లల్ని బడిలో చేర్చుకున్నది ఆ ఊరు.

అదే 1927లో, ఏప్రిల్ 21న, గ్రీన్‌విల్‌కి ఎగువన మౌండ్స్ లాండింగ్ దగ్గర మిసిసిపీ కరకట్టకి గండి పడింది. డెల్టాలో ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. వరదకి తెల్లవాళ్ళ ఇళ్ళు, నల్లవాళ్ళ ఇళ్ళు, చైనా వాళ్ళ కొట్లు అన్నీ ఒకటే. ఏడు నెలల తరవాత వచ్చిన తీర్పుకి మాత్రం ఒకటి కాలేదు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి, దాచిపెడితే ఈ కథకి అన్యాయం చేసినట్టే. లమ్ కుటుంబం కోర్టుని అడిగింది పిల్లల్ని రంగుని బట్టి విడదీయడం తప్పని కాదు. మా పిల్లని నల్లవాళ్ళలో జమకట్టవద్దని. ఎవరికి సరుకు అమ్మి బతికారో వాళ్ళ పక్కన తమ పిల్ల కూర్చోవడం వాళ్ళకి ఇష్టం లేకపోయింది. ఆ తరవాతి కాలంలో తెల్లవాళ్ళ బడుల్లో చోటు సంపాదించడం కోసం చైనా సమాజం, నల్లజాతి స్త్రీలని పెళ్ళాడిన తమవాళ్ళని దూరం పెట్టిందని లోవెన్ రాశారు. నేను దీన్ని తప్పనే అంటాను. అయితే ఆ తప్పు వాళ్ళొక్కరిదే అనను. మనుషుల్ని మెట్ల వరసలో నిలబెట్టిన సమాజంలో, మధ్య మెట్టు మీద ఉన్నవాడికి కిందివాడి చెయ్యి వదిలేస్తేనే పైమెట్టు దొరుకుతుందని చెబుతారు. ఆ మాట వినడం ఎంత సులువో, విననని చెప్పడం ఎంత కష్టమో కులాల నడుమ పుట్టి పెరిగిన మనకి తెలియనిది కాదు.

1937లో క్లీవ్‌లాండ్‌లో బాప్టిస్టు చర్చి వాళ్ళ సాయంతో చైనా పిల్లల కోసం విడిగా ఒక బడి కట్టారు. 1940లలో తెల్లపిల్లల బడుల తలుపులు వాళ్ళకి ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రంగుని బట్టి బడులు విడదీయడమే రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది 1954 మే 17న. ఆ వ్యాజ్యంలో నిలబడి గెలిచింది నల్లజాతి తల్లిదండ్రులు. మార్తాకి జరిగిన అన్యాయానికి అసలు జవాబు చెప్పింది కూడా వాళ్ళే.

ఆ కొట్లు ఏమయ్యాయి? 1944 అక్టోబరులో క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ కమతంలో పత్తి తీసే యంత్రాలని జనం ముందు నడిపి చూపించారు. ఎందరో మనుషులు వంగి తీసే పత్తిని ఒక్క యంత్రం తీసేసింది. చేలో పని పోయింది. అప్పటికే చికాగో రైలెక్కుతున్న జనం ఇంకా పెద్ద సంఖ్యలో తరలిపోయారు. కొనేవాళ్ళు వెళ్ళిపోయాక కొట్టు ఎవరి కోసం? తరవాత పెద్ద బజార్లు వచ్చాయి. తల్లిదండ్రులు పద్దెనిమిది గంటలు నిలబడి చదివించిన పిల్లలు మందుల నిపుణులు, ఇంజనీర్లు అయ్యి హ్యూస్టన్, కాలిఫోర్నియా చేరారు. కొట్టు మూతపడాలనే ఆ తల్లిదండ్రులు కష్టపడ్డారు. మా పిల్లలు ఈ బల్ల వెనక నిలబడకూడదన్నదే వాళ్ళ కోరిక. అది తీరింది. క్లీవ్‌లాండ్‌లోని డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు వాళ్ళ జ్ఞాపకాలకి ఒక మ్యూజియం ఉంది. 2025లో వచ్చిన సిన్నర్స్ అనే అమెరికా సినిమాలో, 1932 నాటి క్లార్క్స్‌డేల్ కథలో, అలాంటి ఒక చైనా దంపతుల కొట్టు కూడా ఉంది. ఒకే వీధిలో ఎదురెదురుగా వాళ్ళవి రెండు కొట్లు. ఒకటి నల్లవాళ్ళ వైపు, ఒకటి తెల్లవాళ్ళ వైపు.

శ్రోతలారా, మీలో చాలామందికి పిల్లలు అమెరికాలో ఉన్నారు. కొత్తగా వెళ్ళిన పిల్లవాడు మొదటి వారాంతం ఎక్కడికి వెళ్ళాడో అడగండి. ఇండియన్ స్టోరుకే. కందిపప్పు కోసం, గోంగూర పచ్చడి కోసం వెళ్తాడు. తలుపు పక్కన అంటించిన కాగితాల్లో అద్దెగది కబురు చూసుకుంటాడు, సంక్రాంతి సంబరం ఎక్కడో తెలుసుకుంటాడు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మనవాళ్ళు పెద్ద ఎత్తున వెళ్ళడం మొదలైంది. 1974లో చికాగో డెవాన్ వీధిలో మఫత్ పటేల్, తులసీ పటేల్ సోదరులు ఒక చిన్న కొట్టు తెరిచారు. అదే ఇవాళ దేశమంతా శాఖలున్న పటేల్ బ్రదర్స్. అక్కడ మన పిల్లలకి మొదటి పలకరింపు దొరికేది అలాంటి కొట్లలోనే. పరాయి ఊళ్ళో కొట్టు అంటే ఏమిటో వాళ్ళకి బాగా తెలుసు.

మరి ఇక్కడ? మన ఊళ్ళలోనూ, మన వీధుల్లోనూ దూరం నుంచి వచ్చిన కుటుంబాలు కొట్లు పెట్టుకుని ఉన్నాయి. రాజస్థాన్ నుంచి, బిహార్ నుంచి, ఒడిశా నుంచి. పొద్దున్నే పాల పాకెట్టుకి వెళ్తాం. నెలాఖరున అరువు రాయమంటాం. ఇంటి తాళం చెవి వాళ్ళ దగ్గరే పెట్టి వెళ్తాం. గల్లాబల్ల ముందు మనకి వాళ్ళు కావాలి. బల్ల వెనక ఉన్న కాపురం గురించి మాత్రం మనం అడగం. మిసిసిపీ ఊళ్ళు చేసింది కూడా సరిగ్గా అదే. సరుకు తీసుకున్నాయి, అరువు తీసుకున్నాయి. బడి దగ్గరికి వచ్చేసరికి మీరెవరు అన్నాయి.

కొట్టు మనుషుల్ని ఒకచోట చేరుస్తుంది. అంతకంటే ఎక్కువ భారం దాని మీద వేయకూడదు. ఆ చేరినవాళ్ళని ఊరివాళ్ళుగా చేసేది బడి. అది కొట్టువాడి పని కాదు, ఊరి పని.

అందుకే మీకొక విన్నపం. రేపు మీ వీధి చివర కొట్టుకి వెళ్ళినప్పుడు ఆ కుటుంబంతో ఒక్క నిమిషం మాట్లాడండి. మీది ఏ ఊరు, ఏం పేరు అని అడగండి. తరవాత, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారని అడగండి. ఏ కాగితమో లేదని, భాష రాదని వాళ్ళు ఇంటి దగ్గరే ఉండిపోతే, మీరు వెంట వెళ్ళి చేర్పించండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలని మన దేశంలో 2009లో చట్టం వచ్చింది. ఏ రాష్ట్రం నుంచి వచ్చారన్న ప్రశ్న అందులో లేదు. తొమ్మిదేళ్ళ మార్తా లమ్‌కి ఆ రోజు అలాంటి చట్టం అండగా లేదు. మన వీధిలో పిల్లలకి ఉంది. అది వాళ్ళకి అందేలా చూడటం మన పని.